జానెడు ఎడమకి

అల్లుడు తన దగ్గర ఏదో దాస్తున్నాడని ఆర్వో హౌటలాకి అక్టోబరు మొదటి శనివారమే అర్థమైపోయింది. ఏం దాస్తున్నాడో తేలడానికి మాత్రం ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఆయన తిన్న తిండి ఒంటికి పట్టలేదు, ఇంట్లో భార్య సెల్మాకి మనశ్శాంతి లేదు.

ఆ శనివారం పొద్దున ఆయన టామరాక్ ఊరి చివర ఉన్న గురి మైదానానికి వెళ్ళాడు. ఏడాదిగా బీరువాలో పడి ఉన్న తుపాకిని బల్లమీది ఇసుక మూటకి ఆనించి, వంద గజాల దూరంలో అంటించిన కాగితం మీద ఐదు తూటాలు కాల్చాడు. ఐదూ ఒకేచోట పడ్డాయి. అరచేత్తో కప్పేయొచ్చు, అంత దగ్గర దగ్గరగా పడ్డాయి. కాకపోతే ఆ చోటు నల్లచుక్క మీద లేదు, దానికి జానెడు ఎడమకి ఉంది. మళ్ళీ ఐదు కాల్చాడు. మళ్ళీ జానెడు ఎడమకే. తుపాకి మీద గురి చూసే స్కోపుకున్న మరలు తిప్పి చూశాడు. అవి లోపల దేన్నీ పట్టుకోకుండా ఊరికే గిర్రున తిరిగాయి. ఆర్వోకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"చూశార్రా వెధవల్లారా! తప్పింది నేను కాదు, ఈ దిక్కుమాలిన స్కోపు!" అని ఎవరూ లేని మైదానంలో గొంతు చించుకుని అరిచాడు.

ఆ అరుపు వెనక ఉన్న కడుపుమంట సంగతి చెప్పాలి. అడవిలో ఆర్వో తండ్రి ఉర్హో కట్టిన చెక్క గుడిసె ఒకటుంది. నవంబరు పదిహేను వచ్చిందంటే ఈ చుట్టుపక్కల బడులకి సెలవు, చాలా కొట్లకి తాళం. జింకల వేట మొదలవుతుంది. ఆ గుడిసెకి వెళ్ళేది నలుగురు: ఆర్వో, ఆయన చిన్ననాటి స్నేహితుడు రూడీ బియాంకి, రూడీ తమ్ముడు, ఆర్వో అల్లుడు క్లెమ్. అక్కడ ఒక పద్ధతి ఉంది. జింకని కాల్చి గురి తప్పినవాడు ఆ సాయంత్రం పొయ్యి పక్కన నిలబడి, ఏం చూశాడో, ఎంత దూరంలో చూశాడో, ఎలా కాల్చాడో ఒక్క ముక్క దాచకుండా చెప్పాలి. అంతా అయ్యాక గుంపులో అందరికన్నా చిన్నవాడు కత్తెర తీసుకుని వాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి గోడకి మేకు కొడతాడు. వరసగా మూడేళ్ళు చొక్కా పోగొట్టుకున్నవాడు తన మంచెని తన తరువాతి వాడికి వదిలేసి వంట గరిట పట్టుకోవాలి.

ఆర్వో చొక్కాలు రెండు ఇప్పటికే గోడమీద ఉన్నాయి. అటు పోయినేడాది మంచు తుపానులో గురి తప్పాడు, అది ఆయనే ఒప్పుకున్నాడు. పోయినేడాది మాత్రం ఎనభై గజాల్లో, ఇంకా వెలుగు చావని మునిమాపు వేళ, దేవదారు చిత్తడి అంచున కనబడిన జింక మీద గురి తప్పాడు. ఎనభై గజాల్లో! పిల్లకాయ కూడా తప్పడు. రూడీ పగలబడి నవ్వాడు. ఇంకొక్క చొక్కా పోతే అరవై ఎనిమిదేళ్ళ ఆర్వో, తన తండ్రి కట్టిన మంచె దిగి బంగాళాదుంపలు తొక్క తీసుకోవాలి. ఆ మంచె ఎవరికి పోతుందంటే, ఇంకెవరికి, అల్లుడికే.

అందుకని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా క్లెమ్ పనిచేసే కొట్టుకి వెళ్ళాడు. అది ఇనప సామాన్లు, గాలాలు, తుపాకులు అన్నీ అమ్మే పెద్ద కొట్టు. తుపాకుల బల్ల వెనక క్లెమ్ పదేళ్ళుగా ఉన్నాడు. మనిషి నెమ్మది, మాట తక్కువ. ఎవరికి ఎంత అవసరమో అంతే అమ్ముతాడని ఊళ్ళో పేరు.

"రండి మామయ్యా, కాఫీ తాగుతారా?"

"కాఫీ తరవాత. ముందు ఇది చూడు." ఆర్వో కాగితాన్ని బల్లమీద పరిచాడు. "పది తూటాలు. పదీ జానెడు ఎడమకి. ఇప్పుడు చెప్పు, పోయినేడు తప్పింది ఎవడు, నేనా స్కోపా?"

క్లెమ్ కాగితం వంక చూశాడు. ఆ ఎర్రటి మొహం చూస్తుండగానే సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"ఏ పక్కకన్నారు?"

"ఎడమకి అంటుంటే! కళ్ళు లేవా? కనబడట్లేదా?"

క్లెమ్ వెనక్కి చెయ్యిచాచి ముక్కాలిపీట వెతుక్కుని కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాడు ఆర్వో. అప్పటికప్పుడు ఆయనకి గుర్తొచ్చింది. పోయినేడాది గుడిసె దగ్గర బండిలోంచి తుపాకి పెట్టె దింపింది క్లెమ్. తొలిరోజుకి ముందు అడవిలో చప్పుడు చేస్తే జింకలు బెదిరిపోతాయని అక్కడ ఎవరూ గురి సరిచూసుకోరు. ఇంటి దగ్గర చూసుకున్నదే లెక్క. అంటే ఇంటి దగ్గర సరిగ్గా ఉన్న స్కోపు గుడిసె చేరేసరికి చెడింది. మధ్యలో పెట్టె ఎవడి చేతిలో ఉంది?

పైకి మాత్రం ఏమీ అనలేదు. "సరే, కొత్తది కావాలి. రెండొందల డాలర్లు దాటకూడదు. జింకకీ పనికిరావాలి, ఆదివారాల్లో కాగితం మీద పందేలకీ పనికిరావాలి. రూడీకి ఇచ్చావే, మూడింతల నుంచి తొమ్మిదింతల వరకూ పెద్దదిగా చూపించేది, అది తియ్యి."

"అది వద్దు మామయ్యా."

"ఏం?"

"ఆ సరుకులో కొన్నిటికి చలికి లోపల ఆవిరి పడుతోందట."

"అయితే రూడీకి చెప్పావా? వాడు నూట ఎనభైకే బంగారంలాంటిది దొరికిందని ఊరంతా టముకు వేసుకుంటున్నాడు."

"చెప్తాను."

"చెప్తావా! వాడికి బంగారమైంది నాకు తగరమైందా? సరే, ఆ పక్కది?"

"దాని మరలు తొందరగా అరిగిపోతాయి."

"ఆ మూలది?"

"దానికి కన్ను మరీ దగ్గరగా పెట్టాలి. తుపాకి తన్నిందంటే కనుబొమ మీద నెలవంక పడుతుంది. డిసెంబరు బండిలో మంచి సరుకు వస్తుంది, ఆగండి."

"డిసెంబరు అంటే వేట అయిపోయాకా?"

క్లెమ్ గాజు బల్ల కింద నుంచి బైనాక్యులర్స్ జత ఒకటి తీసి ముందు పెట్టాడు. "ఈ ఏడాదికి ఇవి తీసుకోండి. మెడలో వేసుకుంటే ఏదైనా కదిలినప్పుడు ముందు వీటితో చూడొచ్చు. ప్రతిదానికీ తుపాకి ఎత్తి స్కోపులోంచి చూడక్కర్లేదు. ఇంకోటి... ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకుంటే..."

"నా కళ్ళకేం రోగం! పది తూటాలు అరచేతిలో పట్టేంత చోటులో పెట్టినవాడిని. యాభై ఏళ్ళుగా స్కోపులోంచే చూస్తున్నాను, స్కోపులోంచే కొడుతున్నాను. స్కోపు అడిగితే బైనాక్యులర్స్ చూపిస్తావేంట్రా, తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకి అన్నట్టు?"

కాఫీ తాగకుండానే వచ్చేశాడు.

ఇంటికొచ్చి సెల్మాకి అంతా చెప్పాడు. సెల్మా రొట్టెపిండి పిసుకుతూ వింది. నలభై మూడేళ్ళ కాపురంలో ఆర్వో అనుమానించని మనిషి లేడు. పోస్టుమాను, పాస్టరు, చివరికి పక్కింటి కుక్క కూడా ఒకప్పుడో ఇంకొకప్పుడో ఆ జాబితాలోకి ఎక్కి దిగినవాళ్ళే.

"నిన్ను మోసం చేసి వాడేం బావుకుంటాడయ్యా? నీ మంచెలో ఎలుకలు తప్ప ఏమున్నాయి?"

"నీకు తెలీదు. మా నాన్న కట్టిన మంచె అది. చిత్తడి మొత్తం అరచేతిలో కనబడుతుంది. ఈసారి కూడా నేను తప్పితే అది వాడిదే. అందుకే నాకు మంచి స్కోపు దక్కనివ్వట్లేదు. పెట్టె పడేసిందీ వాడే, నోరు మూసుకుందీ వాడే."

"వాడికి మంచె ఎందుకు? ఈ ఏడాది వేటకే రావట్లేదట కదా. పదిహేనో తేదీన కొట్లో పని ఒప్పుకున్నాడని మన ఐలా నిన్ననే చెప్పింది."

పదిహేనో తేదీన పనా? ఈ గడ్డమీద పెళ్ళాం పురిటి నొప్పులు పడుతున్నా మగాడు పదిహేనో తేదీన అడవిలోనే ఉంటాడు. కూతురు ఐలా పుట్టింది కూడా ఆ రోజే, ఆర్వో సాయంత్రానికి గానీ ఆసుపత్రికి చేరలేదు, ఆ మాట సెల్మా ఇప్పటికీ మరిచిపోలేదు. అలాంటిది వేటంటే పడిచచ్చే క్లెమ్ కొట్లో కూర్చుంటాడా?

"ఇందులో ఏదో మతలబు ఉంది," అన్నాడు ఆర్వో.

"నీ బుర్రలో ఉంది మతలబు," అంది సెల్మా.

అనుమానం పెనుభూతం అంటారు. పట్టుకుందంటే వదలదు. ఆ పై శనివారం ఐలా, క్లెమ్ ఎప్పట్లాగే ఆవిరి స్నానానికి వచ్చారు. మామా అల్లుళ్ళిద్దరూ వేడి రాళ్ళ ముందు చెక్కబల్ల మీద కూర్చున్నారు. ఆవిరి గదిలో అబద్ధం ఆడకూడదని ఆర్వో తల్లి చెప్పేది. ఆ నమ్మకంతోనే ఆయన రాళ్ళమీద రెండు దోసిళ్ళ నీళ్ళు ఎక్కువ పోశాడు.

"సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. పోయినేడు నా పెట్టె కింద పడేశావా?"

"పడేశాను. గుడిసె మెట్లమీద మంచుకి కాలు జారింది. చెబితే తిడతారని చెప్పలేదు."

"ఆహా! అనుకున్నా!" ఆర్వో తొడ చరిచాడు. నిజం తేలినందుకు ఒక పక్క సంబరం, ఇంకో పక్క ఒళ్ళు మంట. "నా చొక్కా కోస్తున్నప్పుడు కూడా నోరు విప్పలేదే! కత్తెర పట్టుకుంది నువ్వేగా. నీ చెయ్యి వణికి అంచు వంకరగా తెగింది. నవ్వు ఆపుకోలేక వణికిందనుకున్నా."

"నవ్వు కాదు మామయ్యా."

"మరేంటి?"

"ఈ ఏడాది మీరూ వెళ్ళకపోతే ఏమవుతుంది? ఒక్క ఏడాదికి. రూడీ మామకి నేను సర్దిచెప్తాను. మీ మంచె జోలికి ఎవరూ రారు."

"వెళ్ళకూడదా? నేనా? ఎందుకు?"

క్లెమ్ తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. దొంగకి తేలు కుట్టినట్టుంది వాడి మొహం. పెట్టె సంగతి ఒప్పుకున్నాక కూడా అంత బరువెందుకు? వెనక ఇంకా పెద్దదేదో ఉంది. గుడిసెని అమ్మేయడానికి ఎవరితోనో బేరం పెట్టుకున్నాడా? ఐలాకి చెప్పకుండా అప్పు చేశాడా? ఆర్వోకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అల్లుడి కొట్లో కొనేది లేదని తీర్మానించుకుని పక్క ఊళ్ళో పాత సామాన్లు అమ్మే లెస్టర్ దగ్గరికి వెళ్ళాడు. లెస్టర్ ముందు ఒక పొడుగాటి నల్ల స్కోపు తెచ్చి ఊదరగొట్టాడు. యాభై ఇంతలు పెద్దదిగా చూపిస్తుందట, ఎర్ర దీపం, పచ్చ దీపం వెలుగుతాయట, ధర అరవై ఐదు డాలర్లేనట.

"అరవై ఐదుకి యాభై ఇంతలా? చంద్రుడి మీద కుందేళ్ళని వేటాడాలా నేను? తీసెయ్," అన్నాడు ఆర్వో. బోలెడు గొప్పలు రాసి ఉన్న వస్తువుని ఆయన జన్మలో కొనలేదు.

తరువాత అద్దాల పెట్టె అడుగున పడి ఉన్న మామూలు స్కోపు ఒకటి అడిగి తీసుకున్నాడు. మూడు నుంచి తొమ్మిదింతలు, ముందు అద్దం వెడల్పు నలభై మిల్లీమీటర్లు. వాడినదే. దాన్ని తీసుకుని వాకిట్లోకి వెళ్ళి వీధి అవతలి చర్చి గోడమీది అక్షరాలు చదివాడు. అంచుల్లో అక్షరాలు వంకరపోలేదు. కన్ను ఇంత వెనక్కి జరిపినా చుట్టూ నల్లటి నీడ కమ్మలేదు. మరలు ఒక్కో మెట్టూ తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గట్టిగా, ఒకేలా టిక్కు టిక్కుమన్నాయి. తుపాకికి బిగించే రింగుల దగ్గర నొక్కుకుపోయిన గీతలున్నాయేమో గోటితో గీకి చూశాడు. లెస్టర్ నూట నలభై చెప్పాడు.

"ఎవడిది ఇది? ఎందుకు అమ్మాడు? చచ్చాడా?"

"చావలేదు, ఫ్లారిడా పోయాడు."

"రెండూ ఒకటే," అని ఆర్వో నూట ఇరవైకి తెగ్గొట్టాడు.

అక్కడితో నమ్మేస్తాడా? ఇంటికి తెచ్చి ఫ్రీజరులో చేపల పొట్లాల మధ్య దూర్చాడు. మర్నాడు సెల్మా చేపల కోసం చెయ్యి పెట్టి కెవ్వుమంది.

"ఇదిగో ఆర్వో! భోజనాల బల్లమీదకి కూడా తెస్తావా దీన్ని? వేయించమంటావా, ఉడకబెట్టమంటావా?"

"ముట్టుకోకు! లోపల ఆవిరి పడుతుందేమో చూస్తున్నా." గడ్డకట్టిన స్కోపుని తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. పైన మంచు పట్టింది, తుడిస్తే పోయింది. లోపల ఒక్క చుక్క లేదు. ఆర్వో మొహం వికసించింది. అల్లుడు చూపించిన వంకలన్నిటికీ సమాధానం ఇదిగో అనుకున్నాడు.

తానే రింగులు బిగించాడు, ఒక్కో మరా అటొక చుట్టూ ఇటొక చుట్టూ సమంగా. తరువాత నాలుగు రోజులు మైదానానికి వెళ్ళాడు. ముందు ఒకటి కాల్చి, మరలు కుడికి ఇరవై మెట్లు తిప్పి కాల్చాడు, పైకి ఇరవై తిప్పి కాల్చాడు, ఎడమకి ఇరవై, కిందికి ఇరవై. కాగితం మీద చతురస్రం గీసినట్టు నాలుగు మూలలా నాలుగు బొక్కలు పడి, ఐదోది మొదటి బొక్క అంచు కొరుకుతూ పడింది. చౌకలో ఇంతకన్నా మంచి స్కోపు దొరకదు. ఆ ఆనందంలో ఆయనకి క్లెమ్ మీద కోపం కూడా కాస్త తగ్గింది. అనుమానం మాత్రం తగ్గలేదు.

వేటకి ముందు ఆదివారం తుపాకి క్లబ్బువాళ్ళు గురి మైదానాన్ని ఊరందరికీ తెరిచిపెడతారు. అందరూ తుపాకులు తెచ్చి గురి కుదుర్చుకుంటారు. ఒక పక్క రూడీ తమ్ముడు సాసేజిలు కాలుస్తుంటాడు. రూడీ బాకా పట్టుకుని "కాల్చండి" అంటే కాల్చాలి, "ఆపండి" అంటే తుపాకులు ఖాళీ చేసి, తూటా గదులు తెరిచి బల్లమీద పెట్టి వెనక్కి జరగాలి. అప్పుడే ముందుకెళ్ళి కాగితాలు తెచ్చుకోనిస్తాడు.

ఆర్వో ఐదు కాల్చాడు. దూరదర్శినిలోంచి చూసిన రూడీ ఈల వేశాడు. "ఒరేయ్ ఆర్వో! బొటనవేలితో కప్పేయొచ్చురా! ఈ రోజుకి నీదే పైచెయ్యి!" అందరూ చప్పట్లు కొట్టారు. రూడీ ఆపమని కేకేశాడు. ఆర్వో తుపాకి దింపి వెనక్కి తిరిగేసరికి జనం వెనక క్లెమ్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో.

"వచ్చావా అల్లుడూ! రా, నా కాగితం నువ్వే తీసుకొద్దువుగాని. అద్దాలు మంచివి కావన్నావు, ఆవిరన్నావు, అరిగిపోతాయన్నావు. నూట ఇరవై డాలర్ల పనితనం నీ కళ్ళతో చూద్దువుగాని."

క్లెమ్ కదల్లేదు. తుపాకులన్నీ ఖాళీగా, నోళ్ళు తెరుచుకుని బల్లల మీద ఉన్నాయి. వాటి ముందుకు అడుగు వేయడానికి వాడి కాళ్ళు రావట్లేదు.

"భయమా? ఆడలేక మద్దెల ఓడన్నది నేను కాదని తేలిపోయిందనా?" అని ఆర్వో నలుగురూ వినేట్టు అన్నాడు. కొందరు నవ్వారు.

అప్పుడు క్లెమ్ నడిచాడు. వంద గజాలూ తుపాకుల వైపు మాటిమాటికీ తిరిగి చూసుకుంటూ నడిచాడు. కాగితం పెట్టిన చట్రం దగ్గర ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళు దూరంగా తమ తమ కాగితాల దగ్గర ఉన్నారు.

"చూడు," అన్నాడు ఆర్వో. "ఇప్పుడైనా ఒప్పుకో. పోయినేడు నా గురి తప్పలేదు."

"తప్పలేదు మామయ్యా," అన్నాడు క్లెమ్. "మీరు సరిగ్గానే పెట్టారు."

ఏడాదిగా వినాలనుకున్న మాట అది. ఆర్వో గెడ్డం ఎగరేశాడు. క్లెమ్ మాత్రం అక్కడితో ఆపలేదు.

"పోయినేడు రూడీ మామ చిక్కుళ్ళు తిని నా కడుపు పాడైంది. మునిమాపు వేళ మిమ్మల్ని కలుపుకుని గుడిసెకి వెళ్దామని మీ మంచె వైపు వస్తున్నా. మధ్యలో ఆగలేకపోయాను. మనిషని దూరం నుంచే తెలిసే నారింజ రంగు చొక్కా తడుస్తుందని విప్పి చెట్టు వెనక కొమ్మకి తగిలించాను. బుద్ధి లేక విప్పాను. చిత్తడి అంచున దేవదారు పక్కన కూర్చున్నా."

"ఏం కూస్తున్నావు?"

"ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మీరు చెప్పారు గుర్తుందా? 'గోధుమ రంగు వీపు కనబడింది, తెల్లటి తోక రెండుసార్లు ఆడింది, భుజం వెనక స్కోపు గీతలు పెట్టి నొక్కాను' అని. ఆ వీపు నా లోపలి కోటు. అది తోక కాదు మామయ్యా. నా చేతిలో తుడుచుకునే కాగితం."

ఆర్వో నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "అబద్ధం. నన్ను వేట మాన్పించడానికి అల్లావు ఇది."

"దేవదారు మానులో తూటా ఇంకా ఉంది. వచ్చి చూడండి. బెరడు పెచ్చు ఎగిరి నా చెంపకి తగిలింది. నా చెవి నుంచి బెత్తెడు. అరగంట మంచులో బోర్లా పడుకున్నా, లాగు కూడా పైకి లాక్కోకుండా. తుపాకి మోత ఎటునుంచి వచ్చిందో తెలుసు, మీరు కాల్చారనీ తెలుసు. మీ చెయ్యి వణికి నేను బతికాననుకున్నా. ఆ రోజు మీరు కాగితం పట్టుకుని కొట్టుకొచ్చి జానెడు ఎడమకి అన్నారు చూడండి, అప్పుడు తెలిసింది. మీరు సరిగ్గా నా మీదే గురి పెట్టారు. నేను పడేసిన స్కోపే పక్కకి తీసుకుపోయింది."

ఆర్వో చట్రం పట్టుకున్నాడు. ఆ సాయంత్రం స్కోపులో కనబడిందంతా మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. గోధుమ రంగు. తెలుపు, రెండుసార్లు. కొమ్ములు చూశాడా? చూడలేదు. తల చూశాడా? అదీ చూడలేదు. జింకే అని ఎందుకనుకున్నాడంటే, జింక కావాలనుకున్నాడు గనక. అప్పటికే ఒక చొక్కా గోడమీద ఉంది గనక.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే మీరు తట్టుకోలేరు. చెప్పకపోతే నేను అడవిలోకి అడుగు పెట్టలేను. చొక్కా విప్పింది నేనే, తప్పు నాదీ ఉంది. మంచి స్కోపు మీ చేతికి రాకపోతే ఈ ఏడాదికి గండం గడుస్తుందనుకున్నా. ఇప్పుడేమో..." క్లెమ్ కాగితం వంక చూశాడు. నల్లచుక్క నడిమధ్య ఐదు బొక్కలు కలిసిపోయి ఒక్కటిగా ఉన్నాయి.

ఆర్వోకి అప్పుడు భయం వేసింది. ఈ స్కోపు పోయినేడాదే తుపాకి మీద ఉండి ఉంటే అనే ఆలోచన వచ్చి, దాన్ని పూర్తి చేయలేక అక్కడే చతికిలబడ్డాడు.

రూడీ ఆయాసపడుతూ వచ్చాడు. "ఏంట్రా, గెలిచినవాడు కూలబడ్డావేంటి? లే, ఈ ఏడాది జింక కొమ్ములు నీవే!"

"రూడీ," అన్నాడు ఆర్వో. "అందర్నీ పిలు."

"ఎందుకు?"

"పోయినేడు నేను చొక్కా ఇచ్చింది జింక కోసం కాదు. నా అల్లుణ్ణి కాల్చాను. తల చూడకుండా, ఏదో తెల్లగా కదిలితే జింకనుకుని కాల్చాను. స్కోపు చెడిపోయి ఉండబట్టి వీడు బతికున్నాడు. అందర్నీ పిలు, అందరికీ చెప్తాను. ఈ వేలు ఇక తుపాకి మీట మీద పడకూడదు."

రూడీ కేకేసి అందర్నీ పిలిచాడు, ఆర్వో అదే మాట వాళ్ళకీ చెప్పాడు. క్లెమ్ మామయ్య భుజం కింద చెయ్యేసి లేపాడు. బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అక్కడున్నవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆర్వో తుపాకి వైపు చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే తియ్యి. నా చేతులు నావి కావు. ఐలాకి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"నేనే చెప్తా. బండి నువ్వు నడుపు."

"ఇప్పుడేనా మామయ్యా? రేపు..."

"ఇప్పుడే. రేపటికి నాకు ఈ ధైర్యం ఉండదు."

క్లెమ్ పన్నెండు మైళ్ళు బండి నడిపాడు. క్లెమ్ ఇల్లు చేరేసరికి ఐలా వాకిట్లో పారతో మంచు తీస్తోంది. మామా అల్లుడూ ఒకే బండిలోంచి దిగడం చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"రాజీ పడ్డారా చివరికి? ఈ ఐదు వారాలూ ఏంటి నాన్నా నీ గోల? మా ఆయన నీకేం అన్యాయం చేశాడని?"

ఆర్వో టోపీ తీసి చేత్తో పట్టుకుని కూతురి ముందు నిలబడ్డాడు.